దారిలో తరిగిపోయే మందు, దాన్ని మోసే మనుషులు



పోయిన నెల మన సంఘం గ్రూపులో ఒక మాట తిరిగింది. అందరూ చదివినారు. "ఆ పిల్లవాడు రేడియేషన్ డబ్బాలు మోసే పనిలో ఉన్నాడంట, సంబంధం కలుపుకునే ముందు ఆలోచించండి" అని. మొదట ఎవరు పెట్టినారో మేము అడగబోము. కాని ఆ ఒక్క మాటతో నిశ్చయతాంబూలం దాకా వచ్చిన సంబంధం ఆగిపోయింది. పిల్లవాడి తల్లి మా ఇంటికి వచ్చి కూర్చుని, "అన్నయ్యా, మీరు కూడా ఆ పనిలోనే ఉంటిరి కదా, మీరే చెప్పండి, నా బిడ్డకు ఏమైనా రోగమా?" అని అడిగింది. ఆమెకు ఆ రోజే జవాబు చెప్పి పంపినాము. ఆ జవాబు సంఘానికంతా చెప్పవలసిన బాధ్యత కూడా మాదే అనుకుని ఇది రాస్తున్నాము. కొంచెం పొడుగు. ఓపికగా చదవండి.

మేము చదివింది తమిళ బడిలో. తెలుగు ఇంట్లో మాట్లాడినదే గాని బడిలో నేర్చినది కాదు. అక్షరాలు పెళ్లి అయిన తరువాత నేర్చుకున్నాము. అందుకని రాతలో తప్పులు ఉంటే మన్నించండి. ఉద్యోగం రైల్వేలో, పార్శిల్ ఆఫీసులో క్లర్కు. ముప్పై ఏళ్లకు పైన వే బిల్లులు రాసినాము. రిటైరు అయిన తరువాత ఆస్పత్రులకు రేడియో ధార్మిక మందులు చేరవేసే ఒక కంపెనీలో డ్రైవర్లను చూసుకునే సూపర్‌వైజరుగా కొన్నాళ్లు పని చేసినాము. రెండు చోట్లా మా పని ఒకటే. ఒకరు కట్టిన పెట్టె ఇంకొకరి చేతికి సరిగ్గా, సమయానికి చేరిందా లేదా అని చూడడం.

ఈ మందుల చరిత్ర పుస్తకాలలో సైంటిస్టుల పేర్లు ఉంటాయి, డాక్టర్ల పేర్లు ఉంటాయి. మోసినవాళ్ల పేర్లు ఉండవు. ఒక్క పేరు మాత్రం ఉంది. అది రైలు ప్రయాణం కూడా కాబట్టి అక్కడ మొదలు పెడతాము.

1914 సెప్టెంబరు. మొదటి ప్రపంచ యుద్ధం. జర్మన్ సైన్యం పారిస్ వైపు వస్తూ ఉంది. ఫ్రాన్సు దేశంలో పరిశోధనకు ఉన్న రేడియం అంతా కలిపి ఒక గ్రాము. అది శత్రువు చేతికి పోకూడదని మేరీ క్యూరీ దాన్ని సీసపు పెట్టెలో పెట్టుకుని, జనంతో కిక్కిరిసిన రైలులో పారిస్ నుండి బోర్డో పట్టణానికి తీసుకుపోయింది. అక్కడ ఒక బ్యాంకు ఖజానాలో భద్రం చేసి, సైనికుల రైలు ఎక్కి వెనక్కు వచ్చేసింది. రెండు నోబెల్ బహుమతులు పొందిన మనిషి తన పెట్టెకు తానే కూలీ, తానే కావలి. ఆ కాలంలో బిల్లల పట్టీ లేదు, ఎంత రేడియేషన్ తగిలింది అని చూసే లెక్క లేదు. ఆమె 1934లో రక్తహీనత జబ్బుతో పోయింది. ఎన్నో ఏళ్లు కాపు లేకుండా రేడియేషన్ దగ్గర పని చేసినందువల్లే ఆ జబ్బు వచ్చిందని అందరూ ఒప్పుకున్నదే. ఈ మాట మేము దాచము. భయం ఊరికే పుట్టలేదు.

కాని రేడియం వేరు, ఈనాటి మందు వేరు. రేడియం సగం కావడానికి 1600 సంవత్సరాలు పడుతుంది. తాతకు మోసినా మనవడికి మోసినా అది అంతే ఉంటుంది. ఈనాటి మందు అలా కాదు. దారిలోనే తరిగిపోతుంది. ఆ తేడా ఎలా వచ్చిందో చూడండి.

1934లోనే, మేరీ క్యూరీ పోవడానికి కొన్ని నెలల ముందు, ఆమె కూతురు ఐరీన్, అల్లుడు ఫ్రెడరిక్ జోలియో మామూలు మూలకాన్ని కూడా రేడియో ధార్మికంగా మార్చవచ్చునని చూపించినారు. భూమిలో దొరికిందాన్ని తవ్వుకోవడం కాదు, కావలసినదాన్ని తయారు చేసుకోవడం. 1941లో అమెరికాలోని బోస్టన్ నగరంలో సాల్ హెర్ట్జ్ అనే డాక్టరు థైరాయిడ్ ఎక్కువ పని చేసే జబ్బు ఉన్న మనిషికి మొదటిసారి రేడియో ధార్మిక అయోడిన్ మందుగా ఇచ్చినాడు. థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ అంటే ఆకలి. మింగిన అయోడిన్‌ను వెతికి తన దగ్గరకు లాక్కుంటుంది. ఆ అయోడిన్‌తో పాటు వచ్చే రేడియేషన్ అక్కడే పని చేస్తుంది. కత్తి లేదు, కుట్టు లేదు.

1946 ఆగస్టు 2న అమెరికాలో ఓక్ రిడ్జ్ అనే ఊరి రియాక్టరు నుండి మొదటి ఐసోటోపు పార్శిలు బయటకు వచ్చింది. అందులో ఉన్నది కార్బన్ 14. చేరిన చోటు సెయింట్ లూయిస్ నగరంలోని ఒక క్యాన్సర్ ఆస్పత్రి. బాంబు కోసం కట్టిన చోటి నుండి ఆస్పత్రికి పార్శిలు పోయింది. హిరోషిమాకు సంవత్సరం కూడా నిండలేదు. పార్శిల్ క్లర్కుగా ఉన్నవాళ్లకు ఆ తేదీ మనసులో నిలుస్తుంది. ఎవరో ఒక గుమాస్తా ఆ రోజు ఆ పెట్టెకు కాగితం రాసి ఉండాలి కదా.

మన దేశానికి వస్తాము. 1956 ఆగస్టు 4న ముంబై పక్కన ట్రాంబేలో అప్సర అనే రియాక్టరు పని మొదలు పెట్టింది. ఆసియా ఖండంలో మొదటి రియాక్టర్లలో ఒకటి. హోమీ భాభా నడిపించినారు. ఆ రియాక్టరు ఎలక్ట్రానిక్స్ పనిలో ముందు నిలిచినవారిలో మన తెలుగువారు అయ్యగారి సాంబశివరావు గారు ఉన్నారు. ఎ.ఎస్. రావు అంటే హైదరాబాదులో అందరికీ తెలుసు. అక్కడ ఆయన పేరుతో ఒక నగర్ కూడా ఉంది. 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ కంపెనీని మొదలు పెట్టి నడిపించినది ఆయనే. రేడియేషన్ కొలిచే పరికరాలు మన దేశంలోనే తయారు కావడానికి ఆ కంపెనీ ఒక పెద్ద కారణం. కొలత ఉన్న చోట భయం తగ్గుతుంది. అందుకే ఆయన పేరు ఇక్కడ చెప్పినాము.

1960లో కెనడా సహాయంతో కట్టిన సైరస్ రియాక్టరు వచ్చింది. 1963లో ముంబై పరేల్‌లో రేడియేషన్ మెడిసిన్ సెంటర్ వచ్చింది. 1985లో ధ్రువ రియాక్టరు వచ్చింది. 1989 నుండి ఐసోటోపుల తయారీ, అమ్మకం చూసుకోవడానికి బ్రిట్ అనే ప్రత్యేక సంస్థ ఏర్పడింది. నవీ ముంబై వాషిలో ఉంది. దేశం నలుమూలల ఆస్పత్రులకు అక్కడి నుండి పెట్టెలు పోతాయి. ఎక్కువ భాగం విమానంలో పోతాయి, అక్కడి నుండి కారులోనో వ్యానులోనో ఆస్పత్రికి.

థైరాయిడ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొక తెలుగువారిని తలుచుకోవాలి. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు. హిమాలయాల పక్క కాంగ్రా లోయలో గొంతు ముందర వాపుతో ఊళ్లకు ఊళ్లు బాధపడుతుంటే, 1956 నుండి అక్కడ పరిశోధన చేసి, ఉప్పులో అయోడిన్ కలిపితే ఆ జబ్బు తగ్గుతుందని రుజువు చేసినారు. ఈరోజు మన ఇంట్లో వాడే అయోడిన్ ఉప్పు వెనక ఆయన కష్టం ఉంది. గొంతులోని ఆ చిన్న గ్రంథికి అయోడిన్ తక్కువైతే ఒక జబ్బు. గ్రంథి అతిగా పని చేస్తే ఇంకొక జబ్బు. మొదటిదానికి ఉప్పు పొట్లం చాలు, అంగడిలో నెలల తరబడి ఉంచవచ్చు. రెండోదానికి వాడే రేడియో ధార్మిక అయోడిన్ అంగడిలో ఉంచేది కాదు.

ఎందుకు ఉంచలేమో లెక్క చెబుతాము. మేము లెక్కల మనుషులం, క్షమించండి.

అయోడిన్ 131 ఎనిమిది రోజులకు సగం అవుతుంది. వంద భాగాలు పంపితే ఎనిమిదో రోజు యాభై, పదహారో రోజు ఇరవై అయిదు. ఎవరూ దొంగిలించలేదు, ఒలకలేదు, సీలు చెదరలేదు. అయినా సగం లేదు.

స్కానింగుకు ఎక్కువగా వాడే టెక్నీషియం 99ఎమ్ అయితే ఆరు గంటలకే సగం. ఇంత తక్కువ కాలం బతికేదాన్ని ముంబై నుండి మద్రాసుకు ఎలా పంపుతారు? దానికి ఒక ఉపాయం ఉంది. 1950ల చివరలో అమెరికాలో బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో కనిపెట్టినారు. టెక్నీషియంను పంపరు, దాని తల్లిని పంపుతారు. తల్లి పేరు మాలిబ్డినం 99. అది 66 గంటలకు సగం అవుతుంది. ఆస్పత్రిలో ఆ పరికరం నుండి ప్రతి ఉదయం కొత్తగా పుట్టిన టెక్నీషియంను తీసుకుంటారు. ఆస్పత్రి వాళ్లు ఆ పరికరాన్ని ఆవు అంటారు, తీయడాన్ని పాలు పితకడం అంటారు. మొదటిసారి విన్నప్పుడు మేము నవ్వినాము. తరువాత అర్థమైంది, అంతకన్నా మంచి పేరు లేదు. ఆవు రోజురోజుకూ వట్టిపోతుంది. మళ్లీ కొత్త ఆవు రావాలి. రాకపోతే ఏమవుతుందో 2009లో లోకమంతా చూసింది. కెనడాలో చాక్ రివర్ అనే ఊళ్లోని పాత రియాక్టరు నీరు కారి ఆగిపోతే, సంవత్సరానికి పైగా ఎన్నో దేశాలలో స్కానింగులు వాయిదా పడినాయి.

క్యాన్సర్ ఎక్కడ ఉందో చూసే పెట్ స్కానింగుకు వాడే ఫ్లోరిన్ 18 ఇంకా అల్పాయువు. 110 నిమిషాలకు సగం. మద్రాసులో తయారు చేసి వేలూరికి పంపితే సుమారు 140 కిలోమీటర్లు. తెల్లవారుజామున రెండున్నర, మూడు గంటలు పడుతుంది. అక్కడ వంద కావాలంటే ఇక్కడ సుమారు మూడు వందలు పెట్టి పంపాలి. టైరు పంక్చరైతే మందు పోయినట్టే. ఆ పొద్దు అన్నం తినకుండా, నీళ్లు మాత్రం తాగి, పరుపు మీద కూర్చుని ఉన్న రోగిని ఇంటికి పొమ్మంటారు.

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పాలి. మేము ఇరవైల వయసులో, ఉద్యోగంలో కొత్తగా ఉన్న రోజులు. తమిళనాడులో ఒక జంక్షన్. ఊరి పేరు వద్దు. పొంగల్ పండుగ ముందు శుక్రవారం సాయంత్రం, ఒక చిన్న పెట్టె బ్రేక్ వ్యానులో వచ్చింది. పెట్టె చిన్నది, బరువు ఎక్కువ. లోపల సీసం. పైన పసుపు రంగు చీటీ, దాని మీద మూడు రెక్కల గుర్తు. పోర్టరు దాన్ని ప్లాట్‌ఫారం మీద పెట్టి దూరంగా నిలబడినాడు. "ఏమి సార్ ఇది, బాంబా?" అన్నాడు. మాకూ తెలియదు. మా దగ్గర రెడ్ టారిఫ్ పుస్తకం ఉండేది. ప్రమాదకరమైన సరుకుల నియమాలు అందులోనే ఉంటాయి. కాని ఆ పుస్తకం ఇంగ్లీషులో. మాది తమిళ చదువు. బాణసంచా, పెట్రోలు, యాసిడ్ పేజీలు మాకు నోటికి వచ్చు, రోజూ పనికి వచ్చేవి కాబట్టి. ఈ పేజీ ఎప్పుడూ తిప్పలేదు.

మేము చేసిన పని ఏమంటే, గుడ్డ చుట్టిన కర్రతో ఆ పెట్టెను షెడ్డు చివరకు తోసి, చుట్టూ ఖాళీ బుట్టలు పెట్టి, ఎవరూ పోవద్దని చెప్పినాము. ఆస్పత్రికి ఫోను చేయాలన్న ఆలోచన రాలేదు. అటు పండుగ సెలవులు. మంగళవారం సాయంత్రం ఆస్పత్రి మనిషి తానే వెతుక్కుంటూ వచ్చినాడు. పెట్టె ఎక్కడ ఉందో చూసి ఆయన ముఖం మారిపోయింది. కోపగించుకోలేదు. మెల్లగా చెప్పినాడు. "నాలుగు రోజులైంది సార్. నూటికి ముప్పై పోయింది. ముగ్గురికి తెప్పించినాము. ఇద్దరికే సరిపోతుంది."

ఆ మూడో మనిషి హోసూరు పక్క పల్లె నుండి చంటిబిడ్డను తల్లి దగ్గర విడిచి వచ్చిన ఆడమనిషి అని తరువాత తెలిసింది. మన మాటే మాట్లాడే మనిషి. మళ్లీ మందు వచ్చేదాకా ఆమెను ఇంటికి పంపినారు. తరువాత ఆమెకు మందు అందింది, నయమైందని విన్నాము. కాని ఆ కొన్ని వారాలు ఆమె గుండె దడతో, వణికే చేతులతో గడిపి ఉంటుంది. ఆ వారాలు మేము తీసుకున్నవి. పెట్టె మాకు ఏ హానీ చేయలేదు. మా భయం ఆమెకు హాని చేసింది.

ఆ రాత్రి డిక్షనరీ పెట్టుకుని ఆ పేజీ చదివినాము. పక్క వారం పోర్టర్లకు తమిళంలో చదివి వినిపించినాము. అప్పటి నుండి ఆ గుర్తు ఉన్న పెట్టె వస్తే మొదట ఫోను, తరువాత వే బిల్లు.

ఆ పసుపు చీటీలో ఏముందో మీరూ తెలుసుకోండి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1961లో మొదటిసారి రేడియో ధార్మిక సరుకుల రవాణా నియమాలు అచ్చు వేసింది. చిన్న చిన్న మార్పులతో లోకమంతా వాటినే పాటిస్తుంది. మన దేశంలో 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి వాటిని అమలు చేస్తుంది. చీటీలు మూడు రకాలు. తెల్ల చీటీ మీద ఒక ఎర్ర గీత. పసుపు చీటీ మీద రెండు గీతలు. ఇంకొక పసుపు చీటీ మీద మూడు గీతలు. గీతలు పెరిగే కొద్దీ పెట్టె బయట రేడియేషన్ ఎక్కువ. చీటీ అడుగున 7 అనే అంకె ఉంటుంది. ప్రమాదకర సరుకులలో ఇది ఏడో తరగతి అని అర్థం. మధ్యలో మందు పేరు, ఎంత ఉందో లెక్క. పసుపు చీటీలో ఒక చిన్న గడిలో ఇంకొక అంకె, అది ట్రాన్స్‌పోర్ట్ ఇండెక్స్. పెట్టెకు ఒక మీటరు దూరంలో రేడియేషన్ ఎంత ఉందో చెప్పే అంకె. ఒక బండిలో ఎన్ని పెట్టెలు పెట్టవచ్చునో ఆ అంకెలు కూడి చూసుకోవాలి. చదువు తక్కువ ఉన్న మనిషి కూడా గీతలు లెక్క పెట్టగలడు, అంకెలు కూడగలడు. ఆ చీటీ తయారు చేసినవాళ్లు మోసేవాళ్లను తలుచుకునే చేసినారని మాకు అనిపిస్తుంది.

పెట్టె కూడా ఊరికే అట్టపెట్టె కాదు. మందు సీసా చుట్టూ సీసం, దాని చుట్టూ మెత్త, దాని పైన డబ్బా. దాని మాదిరి పెట్టెను నీళ్లు చల్లి, ఎత్తు నుండి పడేసి, పైన బరువు పేర్చి, ఇనుప కడ్డీ వదిలి పరీక్షిస్తారు. ద్రవం మోసే రకమైతే తొమ్మిది మీటర్ల ఎత్తు నుండి పడేస్తారు. మూడో అంతస్తు అనుకోండి. అప్పుడూ లోపలిది బయటకు రాకూడదు.

రిటైరు అయిన తరువాత సూపర్‌వైజరు పని. మేము మొదట చేరిన చోట ఒక విషయం మాకు నచ్చలేదు. డ్రైవర్ల ఛాతీ మీద ఉండవలసిన బ్యాడ్జీలు ఆఫీసు బీరువాలో ఉండేవి. టీఎల్‌డీ బ్యాడ్జి అంటారు. మూడు నెలలకు ఒకసారి దాన్ని చదివి, ఆ మనిషికి ఎంత రేడియేషన్ తగిలిందో చెబుతారు. బీరువాలో ఉంటే బీరువాకు తగిలింది చెబుతుంది. అడిగితే "పోగొట్టుకుంటారు సార్, దుడ్డు ఎవరు కట్టేది?" అన్నారు. రెండు నెలలకే ఆ పని విడిచినాము.

రెండో చోట పని సరిగ్గా ఉంది. తెల్లవారుజామున మూడున్నరకు మా పని మొదలు. పెట్టె మీద చీటీ, కాగితంలో రాసినది ఒకటేనా? మీటరు పెట్టి పెట్టె పైన ఒకసారి, మీటరు దూరంలో ఒకసారి కొలిచినారా? పెట్టె బండి వెనక భాగంలో తాడుతో కట్టినారా? డ్రైవరు బ్యాడ్జి ఛాతీ మీద ఉందా? ప్రమాదం జరిగితే ఏమి చేయాలో రాసిన కార్డు బండిలో ఉందా? బండిలో ఇంకొక మనిషి ఎక్కకూడదు, బంధువైనా సరే. దారిలో టిఫినుకు బండి విడిచి పోకూడదు. ఆస్పత్రిలో వాచ్‌మన్ చేతికి ఇవ్వకూడదు, సంతకం పెట్టవలసినవాళ్లే సమయం రాసి సంతకం పెట్టాలి. మూడు గీతల పెట్టెలు ఒకే డ్రైవరుకు రోజూ పడకుండా మార్చి మార్చి వేయాలి. ఖాళీ డబ్బా వెనక్కు వచ్చినప్పుడు తుడిచి, కొలిచి, ఖాళీ అని చీటీ వేయాలి.

వీటన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఒకటి ఉంది. రాత్రి నిద్రపోయినావా? పెట్టె గట్టిది. వేలూరు రోడ్డులో తెల్లవారుజామున కన్ను మూతపడితే మనిషి గట్టివాడు కాదు. మా కాలంలో మేము భయపడింది రేడియేషన్‌కు కాదు, నిద్రకు. ముఖం చూసి కన్ను ఎర్రగా ఉంటే బండి తాళం ఇచ్చేవాళ్లం కాదు. కొందరు కోపగించుకున్నారు. ఆ రోజు కూలి పోతుంది కదా. ఆ రోజు కూలి ఇప్పించడానికి కంపెనీతో మేము చాలాసార్లు వాదించినాము. కొన్నిసార్లు గెలిచినాము.

ఒకసారి ఒక డ్రైవరు బ్యాడ్జి చదివితే అంకె ఎక్కువ వచ్చింది. అందరూ హడలిపోయినారు. విచారణలో తేలింది ఏమంటే, ఆ పిల్లవాడు బ్యాడ్జిని చొక్కాకు పెట్టుకోకుండా బండి వెనక భాగంలో, పెట్టె కట్టే తాడుకు తగిలించి ఉన్నాడు. "పెట్టెకు పెట్టాలి అనుకున్నాను సార్. పెట్టెలో ఎంత ఉందో చూడడానికే కదా?" అన్నాడు. వాడికి ఇచ్చిన సూచనల కాగితం ఇంగ్లీషులో ఉంది. వాడు సంతకం పెట్టినాడు, చదవలేదు. చదివించవలసినది మేము. మాకు జంక్షన్ షెడ్డులోని పెట్టె గుర్తుకు వచ్చింది. ముప్పై అయిదేళ్ల తరువాత అదే తప్పు, ఈసారి సూపర్‌వైజరు కుర్చీలో కూర్చుని. ఆ వారమే సూచనలన్నీ తమిళంలో ఒక కాగితం, తెలుగులో ఒక కాగితం చేత్తో రాసి గోడకు అంటించినాము. నియమం ఇంగ్లీషులో ఉండి భయం సొంత భాషలో ఉంటే, భయమే గెలుస్తుంది.

2020 మార్చిలో ప్రయాణికుల విమానాలు, రైళ్లు ఆగినప్పుడు కూడా మా బండ్లు ఆగలేదు. పాస్ అద్దానికి అంటించుకుని, ఖాళీ రోడ్డులో పోయి వచ్చినారు ఆ పిల్లవాళ్లు. క్యాన్సర్ లాక్‌డౌన్ పాటించదు. అప్పుడు వాళ్లకు చప్పట్లు ఎవరూ కొట్టలేదు, వాళ్లు ఉన్నారని ఎవరికీ తెలియదు కాబట్టి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ తల్లి అడిగినది.

మూసిన పెట్టె మోసినవాడు రేడియో ధార్మికంగా మారడు. ఎక్స్‌రే తీసే గదిలో కూర్చున్న కుర్చీ ఇంటికి వచ్చి వెలగదు కదా, అలాగే. పెట్టె దగ్గర ఉన్నంతసేపు కొంచెం రేడియేషన్ తగులుతుంది, దూరం పోతే అది ఆగిపోతుంది. దూరం రెండింతలు అయితే తగిలేది నాలుగో వంతు అవుతుంది. అయోడిన్ మందు మింగిన రోగి సంగతి వేరు. కొన్ని రోజులు ఆయన ఒంట్లో మందు ఉంటుంది, అందుకే ఎక్కువ మోతాదు తీసుకున్నవాళ్లను ఆస్పత్రిలో ప్రత్యేక గదిలో ఉంచుతారు. ఆ రెండింటినీ మనవాళ్లు కలిపేస్తున్నారు.

అంకెలు చెబుతాము. ఈ పని చేసేవాళ్లకు మన దేశంలో హద్దు సగటున సంవత్సరానికి 20 మిల్లీసీవర్టులు. మనమందరం నేల నుండి, గాలి నుండి, ఆకాశం నుండి ఊరికే పొందేది లోకం సగటున సంవత్సరానికి సుమారు 2.4. ఛాతీ సీటీ స్కాన్ ఒకసారి తీయించుకుంటే సుమారు 7. ఆ పిల్లవాడు తన బ్యాడ్జి కాగితాలు మాకు తెచ్చి చూపించినాడు. పోయిన సంవత్సరం మొత్తం కలిపి ఒక మిల్లీసీవర్టు దాటలేదు. సంబంధం వద్దన్నవాళ్లలో ఎంతమంది ఈ సంవత్సరం సీటీ స్కాన్ తీయించుకున్నారో మేము అడగలేదు. పుట్టబోయే పిల్లల గురించి కొందరు అడిగినారు. హిరోషిమా, నాగసాకిలో బాంబు నుండి బతికి బయటపడినవాళ్లకు తరువాత పుట్టిన పిల్లలను ఎన్నో ఏళ్లుగా పరీక్షిస్తూ వచ్చినారు. తల్లిదండ్రులకు తగిలిన రేడియేషన్ వల్ల వాళ్లలో వంశపారంపర్య జబ్బులు పెరిగినట్టు తేలలేదు. ఇతనిది ఆ లెక్కలో ఎన్నో వంతో మీరే ఆలోచించండి.

భయం ఎక్కడి నుండి వచ్చిందో కూడా న్యాయంగా చెప్పాలి. 1987లో బ్రెజిల్ దేశంలో గోయానియా పట్టణంలో, మూసేసిన ఆస్పత్రిలో విడిచిపోయిన సీజియం యంత్రాన్ని పాత ఇనుముగా విప్పినారు. నలుగురు చనిపోయినారు. 2010లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము అంగట్లోకి కోబాల్టు వచ్చింది. ఒకరు చనిపోయినారు. రెండూ నిజం. రెండింటిలోనూ జరిగినది ఒకటే, సంతకం పెట్టి తీసుకునేవాళ్లు లేరు, లెక్క చూసేవాళ్లు లేరు, ఆ వస్తువు ఏమిటో తెలియని చేతికి పోయింది. సీజియం సగం కావడానికి 30 ఏళ్లు. ఆ పిల్లవాడు మోసే మందు గంటలలోనో రోజులలోనో సగం అవుతుంది. అతని పనే ఆ లెక్క తప్పకుండా చూడడం. ఏ పెట్టె ఎవరి చేతిలో ఉందో ప్రతి నిమిషం కాగితం మీద ఉండేలా పని చేసే మనిషిని చూసి మనం భయపడుతున్నాము.

మన పెద్దలు ఈ తమిళ దేశానికి వచ్చిన కాలంలో ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం, బట్టలు మోసుకుని ఊరూరా తిరిగినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. మోసేవాళ్లను తక్కువగా చూడడం మనకు తగదు.

సభ్యులకు మూడు మనవులు. ఒకటి, గ్రూపులో ఆ మాట పెట్టినవాళ్లు తామే తీసేసి, తెలిసినది తెలియక పెట్టినామని ఒక్క ముక్క రాస్తే చాలు, ఎవరూ ఇంకేమీ అడగరు. రెండు, మన ఇళ్లలో ఈ పని చేసే పిల్లలు ఉంటే, బ్యాడ్జి ఛాతీ మీద పెట్టుకుంటున్నారా, మూడు నెలలకు ఒకసారి చదివిన కాగితం చేతికి ఇస్తున్నారా, రాత్రి నిద్రకు సమయం ఇస్తున్నారా అని పెద్దలు అడగండి. ఇవ్వకపోతే మాకు చెప్పండి, ఏ ఆఫీసుకు ఎలా రాయాలో మేము చెబుతాము. అది భయపడవలసిన చోటు. మూడు, ఆ తెలుగు సూచనల కాగితం మా దగ్గర ఇంకా ఉంది. కావలసినవాళ్లకు జిరాక్సు తీసి ఇస్తాము. తప్పులు ఉంటే దిద్దండి.

ఆడపిల్ల ఇంటివారిని మేము ఏమీ అనము. బిడ్డ మీద ప్రేమతోనే భయపడినారు. ఆదివారం సంఘం భవనానికి ఆ పిల్లవాడు తన కాగితాలు తీసుకుని వస్తానన్నాడు. మీటరు కూడా ఒకటి తెస్తాము. ముందు ఖాళీ గదిలో పెట్టి కొలుద్దాము. తరువాత అతని చొక్కా దగ్గర, చేతుల దగ్గర పెట్టి కొలుద్దాము. ఆ రెండు అంకెలు పక్కపక్కన బోర్డు మీద రాసి చూపిస్తాము. చూసిన తరువాత మీ ఇష్టం.

తెల్లవారుజామున నాలుగు గంటలకు మీ వీధిలో ఒక కారు వేగంగా పోతే, వెనక అద్దం మీద మూడు రెక్కల గుర్తు కనిపిస్తే, తిట్టకండి. దారి ఇవ్వండి. ఆ బండి వెనక నిమిషానికి నిమిషం తరిగిపోతూ ఒక మందు పోతూ ఉంది. దాని కోసం ఎవరో ఒకరు అన్నం తినకుండా కూర్చుని ఉన్నారు.

ఇట్లు,
మీ సంఘ సభ్యుడు, రిటైర్డ్ రైల్వే పార్శిల్ క్లర్కు, పెరంబూరు